కొలతకు ఉంచిన కన్ను

మా ఆడబిడ్డ హంసవేణికి సంబంధాలు చూసే రోజుల్లో, అమ్మాయి ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు ప్రాణసంకటంగా ఉండేది. కప్పలకు కళ్ళెలా పుడతాయో చూస్తుందని చెబితే వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. దానికి జీతం కూడా ఇస్తారా అని ఒక పెద్దమనిషి మర్యాదగానే అడిగాడు. ఇస్తారు, మీ అబ్బాయికి వచ్చేదానికంటే ఎక్కువే ఇస్తారని నేను వంటింట్లోంచే జవాబు చెప్పాను. ఆ సంబంధం అక్కడితో సరి. నా నోటికి జడిసి తప్పిపోయిన సంబంధాలు ఇంకా ఉన్నాయని మావాళ్ళంటారు, అననివ్వండి. వేణికి కప్పల మీద ఉన్న ధ్యాస పెళ్ళి మీద ఎన్నడూ లేదు.

నేను కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్ల ఎనిమిదో తరగతి. తల్లీ తండ్రీ పోయారు, ఉన్నది అన్న సదానందం ఒక్కడే, అంటే మా ఆయన. రెండు జడలు వేసి బడికి పంపిందీ, లెక్కల్లో తప్పు చేస్తే చెవి మెలిపెట్టిందీ నేనే. నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ని. మాకు పిల్లలు కలగలేదు. కలగలేదని నేను ఏడ్చిన రోజులు తక్కువ, ఇంట్లో వేణి ఉంది కనుక. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఆ పిల్ల మీద నాకు ఎంత కోపం వచ్చిందో ఇకముందు చెప్పబోతున్నాను, అప్పుడు నన్ను రాక్షసి అనుకోకూడదు మీరు.

మాది కరీంనగర్. మా ఆయనవాళ్ళది తాతల కాలం నుంచీ వెండి తీగపని. వెండిని కరిగించి కమ్మీ పోసి, దాన్ని కమ్మచ్చులో, అంటే వరసగా రంధ్రాలున్న ఉక్కు పలకలో, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి మారుస్తూ వెంట్రుకంత సన్నమయ్యేదాకా లాగుతారు. రెండు తీగలు కలిపి పేని, చదును చేసి, ఆకులుగా పువ్వులుగా వంచి అతుకుతారు. మా పెళ్ళికి ముందే ఒకసారి ఆయన తీగ లాగుతుంటే అది తెగి, కొస ఎగిరి ఎడమ కంట్లో కొట్టింది. లోపలి కటకం పగిలి తెల్లబడిపోయింది. డాక్టర్లు దాన్ని తీసేశారు. దాన్ని పట్టి ఉంచే పొర కూడా చిరిగిపోయింది కాబట్టి అందులో ప్లాస్టిక్ కటకం నిలబడదన్నారు. ఆ కంటికి వెలుగు తెలిసేది, ఎదుట మనిషి ఉంటే అలుక్కుపోయిన మరకలా కనబడేది.

ఒక కన్ను చాలదా అని మనమనుకుంటాం. తీగపనికి చాలదు. ఒక తీగ కొస పక్క తీగకు తాకిందా, వెంట్రుకవాసి వెనక ఉందా అన్నది రెండు కళ్ళుంటేనే తెలుస్తుంది. ఆయన వేలికొసతో తడిమి తెలుసుకుని అతికేవాడు. అత్తరుదానులూ పల్లకీలూ చేసిన వంశంలో పుట్టి చెంచాలూ కుంకుమ భరిణెలూ చేసుకుంటూ కూర్చున్నాడు. దానికి బాధపడ్డట్టు నాకెప్పుడూ కనబడలేదు. పప్పులో ఉప్పు మరిచిపోతే పచ్చడితో సరిపెట్టుకుని లేచే మనిషి, నేను వడ్డించుకున్నాక నాకే తెలిసేది.

వేణి చదువంతా ఆ చెంచాల మీదే నడిచింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేరి, తన సొంత గది అంటూ ఏర్పడ్డాక మమ్మల్నిద్దర్నీ తీసుకుపోయి చూపించింది. గాజు పళ్ళేల్లో నీళ్ళు, నీళ్ళలో ఆవగింజలంత కప్ప పిండాలు. సూక్ష్మదర్శినిలో నన్ను చూడమంది. నల్లటి ఆవగింజకు ఒక మూల ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

కన్ను పుట్టే తీరు అప్పుడే చెప్పింది. మెదడులోంచి ఒక చిన్న బుడగ లేచి వచ్చి లోపలి వైపు నుంచి చర్మాన్ని తాకుతుందట. తాకినచోట నిద్రపోతున్న జన్యువు ఒకటి మేలుకుంటుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. పొద్దున్నే ఇంటికి పెద్దకోడలు లేచినట్టన్నమాట. అలా లేచిన జన్యువుల వల్ల మామూలు చర్మమే కటకంగా మారిపోతుంది. ఆకుపచ్చగా వెలిగేది ఆ మొదటి జన్యువు మేలుకున్న జాగా. లేత తోకకప్ప కటకాన్ని తీసేస్తే కంటి పైపొరలోంచి ఇంకోటి పుడుతుందనీ, కాస్త ముదిరితే మాత్రం ఇంకా కాళ్ళు రాకముందే ఆ శక్తి పోతుందనీ చెప్పింది. జన్యువు ఎక్కడికీ పోదు, నిద్రపోతుందంతే. దాన్ని మళ్ళీ లేపే మందును వేణి కనిపెట్టింది. దానికి నోరు తిరగని పేరేదో పెట్టుకున్నారు గానీ మా ఆయన మేలుకొలుపు మందు అన్నాడు, చివరికి ఆ గదిలో అందరూ అదే పేరుతో పిలిచారు.

వాళ్ళ పని పద్ధతి ఒకటి నాకు మహా నచ్చింది. కప్ప గుడ్డు మొదట రెండు కణాలుగా చీలుతుంది. ఒకటి ఎడమ సగమవుతుంది, రెండోది కుడి సగం. వేణి ఎడమ కణంలోకి మాత్రమే మందు ఎక్కించేది. కుడి సగాన్ని ముట్టుకునేది కాదు. ఎడమ కంట్లో ఏం మారినా పక్కనే ఉన్న కుడి కంటితో పోల్చి చూసుకోవచ్చు. అదే ప్రాణి, అవే నీళ్ళు, అదే వేడి, ఇక తప్పుకు తావెక్కడిది? ఫొటోలు తీసుకున్నాక, కాళ్ళు మొలవకముందే, నీళ్ళలో నిద్రమందు కలిపి వాటిని కడతేర్చేవాళ్ళు. కటకం సంగతి అప్పటికే తేలిపోతుంది కదా, పెద్ద కప్పలుగా పెంచాలంటే పెద్ద తొట్లు కావాలి, కదిలే పురుగులు తెచ్చి మేపాలి. లెక్కల టీచర్ని కాబట్టి ఎడమా కుడీ పోలిక చూసి మురిసిపోయి, శభాష్ అన్నాను.

తర్వాత కుందేలు పిల్లల్లో చేశారు. వాటికీ ఎడమ కన్నే. పాలు మరవని పిల్లలైతే కటకం తొందరగా పెరుగుతుందని వాటినే ఎంచుకున్నారు. అన్నింటికీ కొత్త కటకం పుట్టింది. మనుషుల్లో చేయడానికి అనుమతులు రావడానికి ఏళ్ళు పట్టింది, వచ్చాక మనుషులు రాలేదు. ఒక కన్ను పాడై ఒకటి బాగున్నవాళ్ళు కావాలన్నారు. మొదటి మనిషిని నేనవుతానని ఎవరంటారు?

మా ఆయన అన్నాడు. ఇంటికి వచ్చిన వేణి మొహం చూసి, అన్నం ముందు కూర్చుని అన్నాడు. వేణి ఒప్పుకోలేదు. నేనైతే అంతెత్తున లేచాను. ఉన్న కంటితో సుఖంగా ఉన్నాం, ఈ వయసులో ఎందుకీ తద్దినం అన్నాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"ఖరాబైన కన్నేనాయె సుభద్రా. పోతే పోయేదేముంది?"

ఆ మాటకు నేనూ వేణీ తగ్గాం. సంస్థవాళ్ళూ ఒప్పుకున్నారు. అనుమతులిచ్చే పెద్దలూ ఒప్పుకున్నారు. వాళ్ళ కాగితాల్లోనూ ఇదే మాట కాస్త గంభీరమైన ఇంగ్లీషులో ఉంది. అన్నాచెల్లెళ్ళు కాబట్టి వేణి చేతులు పెట్టకూడదన్నారు. సంస్థకు చెందిన కంటి ఆసుపత్రిలో డాక్టర్ ఖలీల్ అనే పెద్దాయన ఎడమ కన్ను పైపొర కింద మందు ఎక్కించాడు. వేణి ఆ పూటంతా బయట వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఒక పొద్దున టీ గ్లాసు అందిస్తుంటే, గ్లాసుకు గీతలున్నాయే అన్నాడు. మరికొన్ని వారాలకు గోడమీది క్యాలెండరులో అంకెలు చదివాడు. ఒకరోజు నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని, ఎడమ కంటితో నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏందట్ల చూస్తున్నరు?" అన్నాను.

"ఇన్నేండ్లు ఒంటికంటితోని చూసి మోసపోయిన," అన్నాడు.

నేను చేతిలోని గరిటె ఎత్తాను. ఆయన నవ్వాడు, ఆ నవ్వులో కన్నీళ్ళు తిరిగాయి, రెండు కళ్ళలోనూ. నాకంటే ఎక్కువ సంబరపడ్డ ఆడది కరీంనగర్లో ఆరోజు ఇంకొకతె ఉండి ఉండదు.

ఆయన అత్తరుదాను మొదలుపెట్టాడు. చిన్న గోపురంలా ఉంటుంది, లోపల సీసా కూర్చోవాలి, చుట్టూ తీగలు ఒకదాని వెనక ఒకటి మూడు వరసలు. తీగకూ తీగకూ మధ్య ఉన్న ఖాళీ ఇప్పుడాయనకు కనబడుతోంది. పొద్దున్నే కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. వేణి వారం వారం వచ్చేది. నెలకోసారి మేమే హైదరాబాదు పోయేవాళ్ళం. అక్కడ ఖలీల్ గారు కుడి కన్నుకు నల్ల మూత పెట్టి, ఎడమ కంటితో గోడమీది అక్షరాలు చదివించేవాడు. ఒక్కో నెలా ఒక్కో వరస కిందికి దిగుతుంటే గదిలోవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. పుట్టుగుడ్డి పిల్లల తల్లిదండ్రులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆయన్ని చూసిపోయేవారు. ఒక తల్లి ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే ఆయన సిగ్గుపడి ఇంట్లోకి పారిపోయాడు.

వానాకాలం పోయే రోజుల్లో ఆయన అన్నం కంచానికి కుడివైపు ఒలికించడం చూశాను. కొత్త కంటి సంబరంలో ఒళ్ళు తెలియడం లేదని దెప్పాను. గుమ్మం దాటేటప్పుడు కుడి భుజం ద్వారబంధానికి తగిలించుకున్నాడు. ఒకసారైతే కుడి పక్కన నేను నిలబడి మాట్లాడుతుంటే ఉలిక్కిపడి, నువ్వెప్పుడొచ్చినవ్ అన్నాడు. అడిగితే, కొత్త బల్బు పెట్టినాక పాత బల్బు మసకగా అనిపించదా, అంతేనన్నాడు. నాకు మనసు ఒప్పలేదు. ఆయన్ని పీటమీద కూర్చోబెట్టి నా అరచేత్తో ఎడమ కన్ను మూశాను. రెండో చేతిని మొహం ముందు పెట్టి ఎన్ని వేళ్ళని అడిగాను.

ఆయన తల అటూ ఇటూ తిప్పాడు.

"ఏవి?" అన్నాడు.

ఆ పూటే బస్సెక్కాం. సిద్దిపేట దాటాక ఆయనే, కొద్ది రోజులుగా అనుమానంగానే ఉందనీ, చెబితే వేణి పని ఆగిపోతుందేమోనని చెప్పలేదనీ అన్నాడు. బస్సులో మనుషులున్నారని చూడకుండా తిట్టాను. ఆయన తల వంచుకుని పడ్డాడు.

ఖలీల్ గారు ఈసారి ఎడమ కన్నుకు నల్ల మూత పెట్టాడు. కుడి కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. చూసి వేణిని పిలిచాడు. ఆమె కూడా చూసింది. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఆమె చెప్పింది, చిన్నప్పుడు తప్పు లెక్కను నా ముందు మళ్ళీ చేసి చూపించినట్టే, ఒక్కొక్క మెట్టూ.

ఒంటికి కాపలా ఉంటుంది. తనవాళ్ళెవరు పరాయివాళ్ళెవరు అని చూసుకునే కాపలా. కటకం మాత్రం ఆ కాపలా సరిగ్గా కుదురుకోకముందే తల్లి కడుపులో పుట్టి, ఒక సంచిలో మూతపడిపోతుంది. కాపలావాడు దాని మొహం ఎన్నడూ చూడడు. ఇప్పుడు కొత్త కటకం అతని కళ్ళ ముందే పుట్టింది. ఎవరో దొంగ అనుకున్నాడు. దాని వాసన పట్టాడు. అదే వాసన కుడి కంట్లోనూ ఉందని వెతుక్కుంటూ పోయాడు. కొత్త కటకం ఇంకా పెరుగుతోంది కాబట్టి ఆ కన్ను కొంతకాలం ఓర్చుకుంటుంది గానీ దానికీ అదే గతి. తోకకప్పలకు ఆ కాపలా ఇంకా పెద్దది కాలేదు. కుందేలు పిల్లలకూ అంతే.

"ఆ కప్పలకు గిట్ల కుడి కన్ను పోయేదా?" అని మా ఆయన అడిగాడు.

"తెల్వదన్నా. ఒక్కదాన్ని కూడా పెద్దగ కానియ్యలే," అంది వేణి.

నెల నెలా పరీక్షల్లో కుడి కన్ను ఎవరూ ఎందుకు చూడలేదని నేను అడిగాను. ఖలీల్ గారే చెప్పాడు. అది బాగున్న కన్ను, కొలతకు ఉంచిన కన్ను, దాన్ని ఆనవాలుగా పెట్టుకునే ఎడమ కన్నును చూశాం అన్నాడు. ఆ గదిలో అంతమంది పెద్ద చదువులవాళ్ళున్నారు. నా నోరు ఊరుకుంటుందా?

"కొలబద్ద సరిగ్గ ఉన్నదో లేదో ముందుగాల చూసుకోవాలెనని ఆరో తరగతి పిల్లలకు చెప్త సార్ నేను. మీలో ఒక్కరికి కూడ యాదికి రాలేదా?"

మా ఆయన నా కొంగు పట్టి లాగాడు.

దారి ఒక్కటే ఉందన్నారు. ఎడమ కన్నును, కటకం ఒక్కటే కాదు, కన్నుగుడ్డు మొత్తాన్ని వెంటనే తీసేయాలి. దొంగ పోతే కాపలా చల్లబడవచ్చు. కుడి కన్ను తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. తీయకపోతే రెండూ పోవడం ఖాయం. ఈ మాట వేణి చేత చెప్పించకండని ఖలీల్ గారు అన్నాడు గానీ ఆమె తనే చెప్పింది. చూస్తున్న కన్నును తీయించి, చూడని కన్ను మీద ఆశ పెట్టుకోమని చెప్పడానికి ఆ పిల్లకు ఎంత కష్టమయిందో నాకు తెలుసు. అప్పుడు మాత్రం జాలి కలగలేదు.

ఆయన సరేనన్నాడు. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు మమ్మల్నిద్దర్నీ మంచం ముందు నిలబడమన్నాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత వేణిని, తర్వాత మళ్ళీ నన్ను. ఎవరం ఏడవలేదు. ఏడిస్తే మొహాలు సరిగ్గా కనబడవని ఆయనే ఏడవొద్దన్నాడు. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. అంత కష్టం నా జన్మలో ఇంకేదీ పడలేదు.

కుడి కన్ను తిరిగి రాలేదు. బతుకమ్మ పండుగకు వీధిలో ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ ఆడుతుంటే, ఆయన అరుగుమీద కూర్చుని, ఈసారి గునుగుపూలు బాగా దొరికాయా అని నన్ను అడిగాడు. ఆ పూల పళ్ళెం ఆయన ముందే ఉంది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అని సామెత ఊరికే పుట్టలేదని ఆ పూట తెలిసింది.

సంస్థలో పెద్ద సమావేశం పెట్టారట. ఆయనకు కొద్దిగా షుగరు ఉంది కదా, కుడి కన్ను దానివల్ల పోయిందని రాస్తే సరిపోతుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడట. మందు మీద అంత ఖర్చు పెట్టాక ఆపడమెలా? వేణి లేచి, షుగరు కాదు, నా మందు వల్ల పోయింది, నేను చూడవలసిన కన్ను చూడలేదు అని చెప్పిందట. ఇవన్నీ ఖలీల్ గారు ఫోనులో చెప్పాడు. ప్రయోగం ఆగిపోయింది. ఎదురుచూస్తున్న పిల్లల తల్లిదండ్రులు ఆమెను నానా శాపనార్థాలూ పెట్టారు. చేసిన పని మెచ్చుకోదగ్గదే. కానీ నేను మెచ్చుకునే స్థితిలో లేను.

ఎందుకంటే వేణి ఇంటికి రావడం మానేసింది. ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. రాకపోతే పీడాపోయిందని నేను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. చేతులారా పెంచిన పిల్ల నా మొగుడి కళ్ళు రెండూ తీసుకుపోయింది, మొహం చూపించకపోవడమే మేలనుకున్నాను.

ఆయన మాత్రం పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఏం కాదు, అలవాటైపోతుంది అని ఒకటే మాట చెప్పేవాడు. పనిగదిలోకి పోయి తీగ తీసుకుని పేనేవాడు. పేనడం చేతులకు వచ్చు, వంచడం రాదు. వంకరపోయిన తీగల్ని ఒక డబ్బాలో వేసి మూతపెట్టేవాడు. సాయంత్రం హైదరాబాదు బస్సు వచ్చే వేళకు అరుగుమీదికి వచ్చి కూర్చునేవాడు. ఎవరికోసమో అడగక్కరలేదు. బస్సు వచ్చిపోయాక లేచి గోడ పట్టుకుని లోపలికొచ్చేవాడు. ఒకరోజు ఈ తంతు చూడలేక, రేపు నేనే పోయి దాన్ని నాలుగు మాటలు కడిగి వస్తానన్నాను. ఆయన వద్దనలేదు.

బస్సులో ఆ నాలుగు మాటలూ నలభై అయ్యాయి. వరస కుదుర్చుకున్నాను, ఏది ముందనాలో ఏది చివరికి దాచాలో. వేణి గదిలో ఆమె లేదు. వెనక షెడ్డులో ఉంటోందని చెప్పారు. తలుపు తీసేసరికి పాచినీళ్ళ వాసన కొట్టింది. పెద్ద పెద్ద సిమెంటు తొట్లు, వాటిలో కప్పలు. వేణి నేలమీద కూర్చుని, ఒక కప్పను ఎడమ చేత్తో పట్టుకుని, సన్నటి చెక్కపుల్లతో దాని నోరు తెరిచి, వానపాము ముక్క లోపల పెడుతోంది. చిక్కి సగమయింది.

నన్ను చూసి లేవబోయింది. చేతిలో కప్ప ఉండి లేవలేకపోయింది. కప్ప కళ్ళు రెండూ సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. తొట్లోకి చూశాను. అన్నీ అంతే.

చివరి విడతలో మిగిలిన తోకకప్పల్ని ఈసారి చంపకుండా పెంచానని చెప్పింది. కాళ్ళు వచ్చాయి, తోకలు ఊడాయి, ముందు కుడి కళ్ళు పోయాయి, తర్వాత ఎడమవి. రాయవలసిందంతా రాసి పంపేసింది. పని అయిపోయింది కాబట్టి నిద్రమందు కలిపేయమని సంస్థవాళ్ళు ఎప్పుడో చెప్పారు. ఆమె కలపలేదు.

"కప్పకు కదిలేది కండ్ల పడితేనే నోరు తెరుస్తది వదినా. ముక్కు మీద ఈగ వాలినా ఇవి ఆకలితోనే సస్తయి. ఒక్కొక్కదానికి నేనే పెట్టాలె," అంది.

నేను కూడబెట్టుకున్న నలభై మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. కోపం పోయిందని కాదు. అలాగే ఉంది, ఇప్పటికీ కొంత ఉంది. ఆ చేతుల్నే చూస్తున్నాను, వేళ్ళ సందులన్నీ నీళ్ళకు పాచిపోయి తెల్లగా అయ్యాయి. నేనూ ఆ తడినేల మీదే కూర్చున్నాను. తొట్టిలో ఉన్నవాటన్నింటికీ పెట్టడం అయ్యేదాకా ఒక్కొక్క కప్పనీ పట్టి ఇస్తూ పోయాను. జిగటగా, చల్లగా, బరువు లేకుండా ఉన్నాయి. అయిపోయాక చేతులు కడుక్కొమ్మన్నాను.

"ఇంటికి నడువు. నిన్ను తిట్టాలె నేను. ఈడ కాదు, ఇంట్ల తిట్టాలె," అన్నాను.

దారి పొడుగునా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. మేం దిగి వీధి మలుపు తిరిగేసరికి ఆయన అరుగుమీదే ఉన్నాడు. రెండు జతల అడుగుల చప్పుడు విని లేచి నిలబడ్డాడు. వచ్చినవా అన్నాడు. తిన్నవా అన్నాడు. ఎప్పటిలాగే మెత్తగా, ఏమీ జరగనట్టే. వేణి ఆయన పక్కన కూర్చుంది. నేను అన్నం పెట్టడానికి లోపలికి పోయాను. ఇక ఈయన ఏం కాదు బిడ్డా, అలవాటైపోతుంది అంటాడు, ఆమె తల ఊపుతుంది, తిట్టవలసిన పాపం నాకే మిగులుతుంది అనుకున్నాను.

కంచాలు తీసుకుని వచ్చేసరికి ఆయన వేణి మణికట్టు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మొహం ఆమె వైపు లేదు, ఆమె కూర్చున్న చోటుకు కాస్త పక్కగా ఉంది. మా పెళ్ళయినప్పటి నుంచీ ఎవర్నీ ఏదీ కావాలని అడగని మనిషి.

"నా కన్ను నాకియ్యవే వేణీ," అన్నాడు. "నాకు ఒక్కటి చాలు. పాతదే ఇయ్యి. చెంచాలు చేసుకుంట."

అంటూనే చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. నేను కంచాలు పట్టుకుని గుమ్మంలో ఉండిపోయాను. అన్ని నెలలూ ఆయన ఏం కాదంటుంటే నేను కూడా నమ్మేశాను. నమ్మితే నాకు సులువుగా ఉండింది. ఆయనకెంత దుఃఖముందో అప్పటిదాకా నాకే తెలియదు.

వేణి చెయ్యి విడిపించుకోలేదు. క్షమించమని అనలేదు. ఇంకో మందు కనిపెడతానని కూడా అనలేదు. ఆయన మొహాన్ని తనవైపు తిప్పుకుంది.

"రాదన్నా," అంది. "ఇగ రాదు."

ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవ్వరం అనలేదు. ఆయన ఆమె భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. నేను కంచాలు కింద పెట్టి వాళ్ళ పక్కన కూర్చున్నాను.